జరీ మిద్దె

కూసో బాలరాజు. ఆ మంచం మీద కాదు, దాని నులక తెగింది, మొన్న పోస్టాయన దాంట్ల కూలబడితే ఇద్దరం పట్టి లేపినం. స్టూలు మీద కూసో. చాయ్ పెట్టమన్న లోపల. ఊఁ, మల్లొకసారి చదువు ఆ కాయితం. మున్సిపల్ చెర్మన్ తిన్నడు, చెర్మన్ మింగిండు, చెర్మన్ బామ్మర్దికి రోడ్డు కాంట్రాక్టు. మంచిగనే రాసినవు, అక్షరాలు గూడ గుండ్రంగ ఉన్నయి. మరి ఇంక నా దగ్గరికెందుకొచ్చినవు? ఓ, మీ పేపరాఫీసుల సారు ఆధారం అడుగుతుండా. కాయితం లేకుంట దొంగ అని అచ్చేస్తే కేసు పడతదంటనా. ఊరంత అంటుంది గద అంటవు నువ్వు. ఊరంత అంటే నిజమే గావాలె గద అని నన్నడుగుతవు. ఈ వాడకట్టుల ఆ మాట అడగనీకి నాకంటే పనికిమాలిన మనిషి నీకు దొరకడు బిడ్డ. అయినా మెట్లెక్కి వచ్చినవు, ఒక ముచ్చట చెప్త, ఇను. ఆ నీళ్ల గ్లాసు ఇటియ్యి. ఎడమ చేత్తో తీసుకున్ననని ఏమనుకోకు, నాకు పుట్టుకతోని అదే చెయ్యి. మగ్గం మీద గూడ దాంతోనే నాడె ఇసిరేది.

ఎదురుంగ ఆ ఇల్లు చూస్తున్నవు గద, స్లాబు ఇల్లు, ఎరువుల బస్తాలేసిండ్రు ఇప్పుడు. దానికి పేరేంది? అబ్బ, నువ్వు గూడ జరీ మిద్దె అనే అన్నవు. నువ్వన్నవు, మీ నాయినన్నడు, బస్తాలేసుకున్న కర్నూలాయన గూడ లారీ డ్రైవరుకు అదే గుర్తు చెప్తడు. ఎందుకా పేరు అంటే ఎవరికీ తెల్వదు. నాకు తెల్సు. నేనే పెట్టిన గనక.

అది కురుమూర్తి ఇల్లు. నువ్వు చిన్నగుంటివి, యాదికుండడు. సన్నగ, పొడుగ్గ, మెడ జర ముందుకు వంచి నడుస్తుండె, ఎప్పుడు ఏ దర్వాజ తలకు తగుల్తదో అన్నట్టు. మాట్లాడాలంటే ముందుగాల ‘తప్పుగ అనుకోవద్దు’ అనాలె ఆయన. ‘తప్పుగ అనుకోవద్దు అన్నా, నిప్పెట్టె ఉందా.’ ‘తప్పుగ అనుకోవద్దు, పొద్దుగూకింది, నేను పోతున్న.’ ఒకపారి కుక్క అడ్డమొస్తే దానితోని గూడ అన్నడు, నేను ఇన్న. కుక్క తప్పుగ అనుకోలే, పక్కకు జరిగింది. గసుంటోన్ని పట్టి మనోళ్లు చేనేత సంఘానికి అధ్యక్షున్ని చేసిండ్రు, ఎనబై నాలుగో, అయిదో. ఎందుకు చేసిండ్రు అంటే, ఎవరితోని కొట్లాట లేదు, ఎవరూ పోటీకి రాలే, చేతులెత్తమంటే ఎత్తినం. నేను గూడ ఎత్తిన. ఎడమ చెయ్యి ఎత్తితే లెక్కకు రాదని మీ నాయనమ్మ మల్లమ్మ కొట్లాటకొచ్చింది. ఆమెకు అప్పటి నుంచి నా చెయ్యి మీద కోపమే.

రెండేండ్లు మంచిగనే నడిచింది. నూలు టైముకొస్తుండె, పట్టు వస్తుండె. సైకిల్ మీదనే తిరుగుతుండె, చైను ఊడితే ఈ గల్లీల కూసోనే ఎక్కించుకుంటుండె, అధ్యక్షుల వారికి చేతికి నల్లటి నూనె. మరి ఎనబై ఆరుల ఏమైంది, సంఘం జరీ పెట్టి నేసిన చీరలు హైదరాబాదుల పెద్ద దుకాణం నుంచి వాపసొచ్చినయి. జరీ నల్లబడ్డది. కొంగంత మసి పూసినట్టు. మన గద్వాల చీరంటే ఏందిరా, ఒళ్లంత నూలు, అంచూ కొంగూ పట్టూ జరీ, ఆ అంచుకోసమే గద కొనుక్కునేది. అంచు నల్లగైతే ఎవరు కట్టుకుంటరు. నెల రోజులు మగ్గాలు ఆగినయి. ఆ జరీ కొన్నదెవరు? సంఘం. సంఘమంటే ఎవరు? సంతకం ఎవరిదైతే వాడు.

సరిగ్గ అదే నెల ఆయన ఇంటి మీద స్లాబు పడ్డది. అంతకుముందు మట్టి మిద్దె ఉండె. ఆ శ్రావణం వానకు ఒక మూల కూలి మగ్గం మీద పడ్డది. మేమంత పోయి మట్టి ఎత్తినం. పదిహేను దినాలు గోనెపట్టా కప్పుకోని ఉన్నరు. తర్వాత ఉన్నట్టుండి సిమెంటు వచ్చె, సలాక వచ్చె, మేస్త్రి వచ్చె. స్లాబు పడ్డది, సున్నం పడ్డది. ఎండకు తెల్లగ మెరుస్తుంది. ఈ గల్లీల అప్పటికి స్లాబు ఇల్లు అదొక్కటే. నేను చాయ్ హోటల్ ముంగట బల్ల మీద కూసోని ఉన్న. తొమ్మిది మంది ఉన్నం, నాకు యాదున్నది, ఎందుకంటే తొమ్మిది మంది నవ్విండ్రు. నేనన్న: చూడుండ్రి, చీరకెక్కాల్సిన జరీ మిద్దెకెక్కింది.

అంతే. దొంగ అనలే నేను. తిన్నడు అనలే. ఆ కాయితంల నువ్వు రాసినట్టు ఒక్క మాట అనలే. నవ్వులాటకు అన్న. మనకు ఎవరినీ ఏమనకుంట కూసోనుడు శాతకాదు గద. మీ తాత బట్టతలకు గూడ పేరు పెట్టింది నేనే, ఆయనేం జేసిండు, నవ్వి ఊకున్నడు. కానీ ఇది అట్ల ఊకోలే. పొద్దుగూకే వరకు కోట దాక పోయింది. వారం తిరిగే వరకు పోస్టాయన, అదే ఆ మంచంల కూలబడ్డాయన, జాబు పట్టుకోని గల్లీల నిలబడి ‘జరీ మిద్దె కురుమూర్తి’ అని పిలుస్తుండు. ఆయన తిడదామని గాదు, గుర్తుకు పిలిచిండు.

సంఘం మీటింగు పెట్టిండ్రు. అందరు లేచి అడుగుడు మొదలుపెట్టిండ్రు, జరీ ఎక్కడ కొన్నవు, ఎవరి దగ్గర కొన్నవు. రశీదులు చూపిండు. రశీదులు ఎవడైనా రాయించుకుంటడు అన్నరు. మరి మిద్దె ఎట్ల కట్టినవు? అప్పుడు లేచి నిలబడ్డడు. చేతులు రెండు ముందల కట్టుకోని. ‘తప్పుగ అనుకోవద్దు. మిద్దె సంగతి నేను చెప్పలేను. కానీ అది సంఘం సొమ్ము గాదు.’ చెప్పలేను అంటే ఇంకేమున్నది చెప్పు. గుస్సా చేస్తడనుకున్నం, ఏడుస్తడనుకున్నం, రెండూ చెయ్యలే. వాళ్లావిడ రాజేశ్వరి ఆడోళ్లల్ల కూసోని ఉన్నది. ఆమె లేవబోయింది. ఆయన అటు చూసిండు, ఊకె చూసిండు అంతే, ఆమె మల్ల కూసున్నది. ఆ చూపు నేను చూసిన. చూసి, నా పక్కనున్నోనికి చెప్పిన, ఆమె గూడ కలిసిందిరా అని. నాకు అప్పుడు గట్లనే కనపడ్డది.

అధ్యక్ష పదవి ఇడిసిపెట్టిండు. మనోళ్లల్ల ఎవరో అన్నరు, మల్దకల్ గుడికి పోయి ప్రమాణం చెయ్యమని. పోయిండు. తడిబట్టల మీద, దేవుని ముంగట, పది మంది చూస్తుండంగ ప్రమాణం చేసొచ్చిండు. నేనేమన్ననో తెల్సా. ఆ తడిబట్టలు మిద్దె మీద ఆరేసుకోనీకి సౌలతయితది అన్న. దానికి గూడ నవ్విండ్రు. మీ నాయనమ్మ నవ్వు అందరికంటే పెద్దగ ఇనపడ్డది, చెయ్యి మీద కోపమున్నా నోటి మీద లేదు ఆమెకు.

తర్వాత పైనుంచి ఎంక్వయిరీకి ఒక సారును పంపిండ్రు. జీపుల వచ్చిండు, ఇల్లెక్కడ అని అడిగితే ఎవరో ‘జరీ మిద్దెనా సార్?’ అన్నరు. ఆ సారు అదేదో ఆయన ఇంటిపేరనుకోని బుక్కుల రాసుకున్నడు. మూడు రోజులు కూసున్నడు, అన్ని కాయితాలు తిరగేసిండు. అయిదు నెలలకు జవాబొచ్చింది. అవినీతి జరిగినట్టు ఆధారాలు లభించలేదు. అంతే, ఒక్క ముక్క, కింద సీలు. కురుమూర్తి దాన్ని సంఘం తలుపుకు గంజి పెట్టి అంటించిండు. ఆయన మొకం చూడాలె ఆ దినం, పరీక్ష పాసయినోని లెక్క. అందరం పోయి చదివినం. చదివి నేనేమన్న? దొరకలే అని రాసిండు గానీ, తినలే అని రాసిండా?

ఇగో, గట్ల చూడకు. ఇప్పుడు నువ్వు గూడ అదే అంటున్నవు గద, ఆధారం దొరకకపోతే తినలేదనా అని. మాట తప్పుగాదు బిడ్డ. మాట సరిగ్గనే ఉన్నది. వకీలు గూడ గంత సక్కగ అనడని మీ తాత మెచ్చుకున్నడు. ఆ సక్కటి మాటకు ఇంక కురుమూర్తి ఏం జవాబియ్యాలె? తిననిదానికి కాయితం ఎక్కడ పుడతది? అది నేను ఆలోచించలే. మాట నోటికొచ్చింది, అనేసిన.

జర ఆగు, ఇక్కడ ఒక సంగతి చెప్పాలె, లేకుంటే నేనేదో ఎవరినీ ఏమనొద్దు అని నీతి చెప్తున్ననుకుంటవు. కురుమూర్తి దిగినంక బాలకిష్టయ్య అధ్యక్షుడైండు. ఆయన హయాంల ఏమైంది? పట్టపగలు, సంఘం ఎనక తలుపు నుంచి నూలు బేళ్లు ట్రాక్టరెక్కి పోయినయి. అందరం చూసినం. నేను ఇదే అరుగు మీద కూసోని లెక్కపెట్టిన. బేళ్లు మోసిన హమాలి మాసయ్య, పాపం అమాయకుడు, ఆయన హోటల్ ముంగట గట్టిగ అన్నడు, బాలకిష్టయ్య దొంగ అని. తెల్లారి నోటీసొచ్చింది, పరువు నష్టం అంట. మూడేండ్లు కోర్టుకు తిరిగిండు మాసయ్య. వకీలు అడిగిండంట, నీ దగ్గర కాయితం ఉన్నదా? మాసయ్య అన్నడంట, ‘కాయితం ఏందయ్యా, నా భుజం మీదనే పోయినయి గద.’ భుజం చూపిండంట అంగీ జరిపి. భుజం సాక్ష్యం గాదన్నరు. సాక్షులను తెమ్మన్నరు. నా దగ్గరికొచ్చిండు. నువ్వు చూసినవు గద బాంచెన్, ఒక్క మాట చెప్పు అన్నడు. నాకు ఆ దినం నడుములు పట్టుకున్నయి, వాయిదా వాయిదాకు పట్టుకున్నయి. మూడేండ్లు పట్టుకున్న నడుములు ఈ ఊర్ల నాయే. ఉన్న రెండు బర్రెలు అమ్ముకోని, చెంపలేసుకోని, మాట వాపసు తీసుకున్నడు మాసయ్య. సంఘం మునిగింది. ఇప్పటికి గూడ బాలకిష్టయ్యను నేను గారు అనే అంట. నువ్వు ఇంటున్నవు గద, పేరు చివర గారు తగిలించుకో. కురుమూర్తిని అనేటప్పుడు అడగని కాయితం బాలకిష్టయ్యను అనాల్సొస్తే అడిగినం. ఎందుకంటే కురుమూర్తి కేసు పెట్టేటోడు గాదు, తప్పుగ అనుకోవద్దు అనేటోడు. ఎవన్ని అంటే మనకేం కాదో వాన్ని అన్నం. అదొక్కటే మాకు తెల్సిన న్యాయం.

చాయ్ వచ్చింది, తీసుకో. చక్కెర తక్కువైతే చెప్పకు, ఆమెకు కోపమొస్తది.

ఎక్కడున్నం? ఆఁ, కాయితం అంటించిండు. అంటించినంక అయిపోయిందనుకున్నడు ఆయన. మల్ల మగ్గమెక్కిండు. సంఘం నూలు తీసుకోలే, అమరచింత నుంచి అప్పుదెచ్చి పడుగు పోసుకున్నడు, ఎనిమిది చీరలది. ఇప్పుడు నీకు పడుగు పరుసుడు తెల్వదు, మిల్లు నుంచి గంజి పట్టిన నూలొస్తుంది గనక. అప్పుడు గల్లీల పరుస్తుండె. తెల్లారి ఎండ రాకముందు, ఈ చివర నుంచి ఆ చివరకు, కర్రలు నిలబెట్టి, ఆ పోగులన్ని బారుగ సాగదీసి, గంజి చల్లి, రెండు పక్కల మనుషులు నిలబడి కుంచెలతోని దువ్వుకుంట నడవాలె. ఒక్కడితోని అయ్యే పని గాదు. ఎనిమిది మంది లేకుంటే గంజి ఆరిపోయి పోగుకు పోగు అంటుకుంటది, ఇంక ఆ పడుగు మగ్గమెక్కదు. అందుకే ఎవరి పడుగైనా అందరు దిగుతరు. కూలి లేదు, అటుకులు బెల్లం పెడతరు అంతే. ఇంకోటి, పిలిచేది లేదు. పడుగు పరిచినోడు పోయి ఎవరి తలుపు కొట్టొద్దు, కొడితే మర్యాద గాదు. కర్రలు పాతే చప్పుడయితది. ఆ చప్పుడిని లేచి దిగాలె. ముందుగాల పడుగు తల ఎవరింటి ముంగట ఉంటదో ఆ ఇంటోడు దిగాలె. వాడు దిగితే గల్లీ దిగుతది.

ఎదురిల్లు గద. తల మా ఇంటి ముంగట ఉన్నది.

చప్పుడైంది. లేచిన. ఈ అరుగు మీదికే వచ్చి కూసున్న. మా ఆమె కొంగు నడుముకు చుట్టుకోని గడపల నిలబడ్డది, నేను దిగితే దిగుదామని. ‘పోదామా’ అన్నది. ఆగు చూద్దాం అన్న. చూద్దాం అంటే ఏం చూద్దాం? ఇంకెవరన్నా దిగుతరేమో చూద్దామనుకున్న. ఎవరన్నా దిగితే నేను గూడ దిగుతుంటి, ఒట్టు. అటు మీ తాత అరుగు మీద కూసున్నడు, ఆయన నన్ను చూస్తుండు. మీ నాయనమ్మ ఊడ్చిన వాకిలే మల్ల ఊడుస్తుంది, ఆమె నన్ను చూస్తుంది. గల్లీ గల్లీ నన్నే చూస్తుంది. ‘మేం రాం’ అని ఎవరూ అనలే. ఎవరూ పిలవలే గనక రాననే పని గూడ లేకపాయె.

కురుమూర్తి తలకాడ నిలబడి ఒక్కపారి నా దిక్కు చూసిండు. పిలిస్తే దిగుతుంటినేమో. ఆయన పిలవలే, మర్యాద తెల్సినోడు. గంజి చల్లిండు. ఆయన ఒక పక్క, రాజేశ్వరి ఒక పక్క. ఈ చివర దువ్వి ఆ చివరకు ఉరుకుడు, ఆ చివర అంటుకుంటుంటే మల్ల ఈ చివరకు ఉరుకుడు. ఆమె చెప్పులిడిసి ఉరికింది. ఒక గంట ఉరికిండ్రు. కోట మీది నుంచి ఎండ వచ్చింది. ఆ పడుగు ఎండకు గట్టిగైంది, కట్టెలెక్క, చేత్తో కొడితే చప్పుడయ్యేటట్టు. ఆయన కుంచె కింద పెట్టిండు. కత్తెర తెచ్చి, ఎక్కడికక్కడ కత్తిరించి, చుట్టలు చుట్టి లోపల పెట్టుకున్నడు. గల్లీ ఖాళీ చెయ్యాలె గద, బండ్లు పోయే టైమైంది.

ఆ పదిరోజులకే భివండికి పోయిండ్రు, మిషను మగ్గాల మీద కూలికి. ఇంటికి తాళం. నాలుగేండ్లకు ఆడనే కాలం జేసిండు, దమ్ము రోగంతోని. ఆ దూది దుమ్ముల ఎవరికైనా దమ్మొస్తది. ఆడ తెలిసినోళ్లెవరో పాత అడ్రసుకే జాబు రాసిండ్రు. పోస్టాయన జరీ మిద్దె అని రాసున్న జాబు తెచ్చి, ఆడ ఎవరు లేరని, నాకిచ్చిపోయిండు.

ఇల్లు అమ్మనీకి రాజేశ్వరి ఒక్కతే వచ్చింది, తొంబై ఒకటిల. సాయంత్రం బస్సుకు పోవాలె. మా ఆమె పిలిస్తే ఇక్కడ, నువ్వు కూసున్న కాడనే కూసున్నది. నిమ్మళంగ మాట్లాడింది. మిద్దె సంగతి ఆమెనే చెప్పింది, నేను అడగలే. అమరచింతల ఆమె అన్న బుచ్చన్న ఉండె గద, ఆయన ఇచ్చిండంట, సిమెంటుకు, సలాకకు. చెల్లె గోనెపట్టా కింద ఉన్నదని. కానీ బుచ్చన్నకు ఇంట్ల పెండ్లామంటే భయం. ఆమెకు తెలిస్తే బాయిల దుంకుతనంటది, ఎవరికీ చెప్పొద్దు బావా అని కురుమూర్తి చేతుల చెయ్యి ఏయించుకున్నడంట. అంతే సంగతి. ‘మా వదిన పోయినేడు పోయింది, ఇప్పుడు చెప్పొచ్చు’ అన్నది. ఒక ఆడిమనిషి అలుగుతదని ఈ మనిషి పేరు పోగొట్టుకున్నడు. మరి జరీ సంగతేంది అంటవా? అది నాకు ఇప్పటికీ తెల్వదు. అమ్మినోడే మోసం చేసిండో, మన గోదాముల చెమ్మకే నల్లబడ్డదో. లేక ఈయనే తిన్నడో. తెల్వదు బిడ్డ. పన్నెండేండ్లాయె, అప్పుడెంత తెల్సో ఇప్పుడు గంతే తెల్సు. అప్పుడు తెల్సినట్టు మాట్లాడిన, అదే తేడా.

లేచి పోతుంటే, ఈ మెట్ల మీద ఆగింది. సంచిల నుంచి ఒక కుంచె తీసింది, తాళం తీసి సామాను సర్దుతుంటే దొరికిందంట. పిడికి గుడ్డ చుట్టి ఉన్నది. ‘బావా, ఆ పొద్దు ఆయన తొట్టిల ఎనిమిది కుంచెలు నానబెట్టిండు. నీది ఎడమ చెయ్యి గదా, మామూలు పిడి నీకు ఒరుస్తదని, ముందటి దినం కూసోని నీదానికి గుడ్డ చుట్టిండు. ఇది నీదే, ఉంచుకో’ అన్నది. తిట్టలే. అరుగు మీద పెట్టి పోయింది.

లోపల ఉన్నది. దూలం మీద.

ఎండ నీ స్టూలు మీదికొచ్చింది బాలరాజు. జర ఇటు జరుగు.